ఆయమ్మ జీతం ఏ గడిలో రాయాలి?

గత నెల చివర చెన్నై నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నాకు చెల్లెలి వరస. ఉత్తర చెన్నైలో పారిశుద్ధ్య పని చేసే తెలుగు కుటుంబాల పిల్లల కోసం నాలుగేళ్లుగా సాయంత్రపు బడి నడుపుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివి, రెంటిలోనూ ఒక పేరా తడబడకుండా చదవలేని పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివించడమే ఆ బడి పని. ఒక కంపెనీవారు సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజ సేవకు ఖర్చుపెట్టే) నిధుల కోసం ప్రతిపాదన పంపమన్నారట, గడువు మూడు వారాలట. “అక్కా, మీ సంస్థకు గ్రాంటు తెచ్చిన ప్రపోజల్ ఒకటి పంపండి. దాన్ని చూసి మాది రాసుకుంటాను” అని అడిగింది.

పంపుతానని మాట ఇచ్చాను. ఆ రాత్రి పాత ఫైలు తెరిచి, పంపేముందు ఒకసారి చదువుదామని కూర్చున్నాను. చదవడం పూర్తయ్యేసరికి దాన్ని ఆమెకు పంపకూడదని తేల్చుకున్నాను. ఆ ప్రతిపాదన రాసింది నేనే. అందులో భాష బాగుంది, పట్టికలు పొందికగా ఉన్నాయి, గ్రాంటు కూడా వచ్చింది. అయినా అది మా సంస్థను రెండేళ్లపాటు ఇబ్బందుల పాలు చేసిన పత్రం, ఎందుకంటే దాని బడ్జెట్ అబద్ధం. లేని ఖర్చు చూపి డబ్బు తీసుకోలేదు. ఉన్న ఖర్చును దాచి, పని చవకగా అయిపోతుందని నమ్మించాను.

సంస్థ కోసం గ్రాంటు ప్రతిపాదన ఎలా రాయాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటే: ముందు బడ్జెట్ రాయండి, అందులో అసలు ఖర్చు రాయండి, మిగతా పేజీలన్నీ ఆ లెక్కకు వివరణగా రాయండి. ఈ మాట అనడానికి తేలిక, పాటించడానికి కష్టం. పాటించినందువల్ల మేము పోగొట్టుకున్నదేమిటో కూడా ఇందులో చెబుతాను.

గ్రాంటు తెచ్చిన ప్రతిపాదన

నేను పదకొండేళ్లుగా బెంగళూరులో, సర్జాపుర రోడ్డు చుట్టుపక్కల నిర్మాణ స్థలాల్లో కూలీల పిల్లల కోసం కేంద్రాలు నడిపే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగానికి పైగా అనంతపురం, కర్నూలు వైపు నుంచి బేల్దారి పనులకు వచ్చిన తెలుగు కుటుంబాలవారు, మిగతావారు రాయచూరు, యాదగిరి వైపు నుంచి వచ్చినవారు. తల్లి ఇసుక, ఇటుకలు మోసే వేళ ఆరేళ్లలోపు బిడ్డ ఎక్కడ ఉండాలన్నదే మా పని. ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. 1969లో ఢిల్లీలో రాజ్‌ఘాట్ దగ్గరి నిర్మాణ స్థలంలో మీరా మహదేవన్ ఒక గుడారం వేసి మొబైల్ క్రెషెస్ అనే సంస్థను మొదలుపెట్టినప్పటి నుంచి ఈ పని ఎలా చేయాలో ఈ దేశంలో తెలిసినవారు ఉన్నారు.

ఆ ప్రతిపాదనలో మొదట ఒక కేంద్రానికి ఏడాదికి 18 లక్షలు అడిగాను. కంపెనీ తరఫున మాట్లాడిన అధికారి మర్యాదస్తుడు, పని పట్ల ఆసక్తి ఉన్నవాడు. ఆయన బడ్జెట్ చూసి, జీతాలే ఎక్కువగా ఉన్నాయని, తమ డబ్బులో ప్రతి రూపాయీ పిల్లలకే చేరాలని తమ యాజమాన్యం కోరుకుంటుందని, పరిపాలన ఖర్చు 5 శాతానికి మించకూడదని చెప్పారు. నేను ఒక్కపూట కూర్చుని బడ్జెట్ తగ్గించాను. లెక్కలు చూసే మనిషి జీతం తీసేశాను. ఆఫీసు అద్దె తీసేశాను. ఇద్దరు ఆయమ్మలలో ఒకరిని తీసేసి, ఆ చోట ‘స్థానిక వాలంటీరు’ అని రాశాను. 13 లక్షలకు దిగింది. నెల తిరగకుండా మంజూరైంది. ఆ రోజు ఆఫీసులో అందరం మిఠాయి తిన్నాము.

స్థానిక వాలంటీరు ఎవరూ రాలేదు, రారని నాకు అప్పుడే తెలిసి ఉండాలి. షెడ్లలో ఉండే ఆడవాళ్లందరూ పనికి వెళ్లేవాళ్లే, వెళ్లలేనివాళ్లు నిండు గర్భిణులు, బాలింతలు. 31 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయమ్మ మిగిలారు. అందులో రెండేళ్లు నిండని పిల్లలు తొమ్మిదిమంది. టీచరు సెలవు పెట్టిన ఒక మధ్యాహ్నం, ఆయమ్మ ఒక బిడ్డకు బట్టలు మారుస్తున్న సమయంలో, రెండున్నరేళ్ల పిల్లవాడు తలుపు తోసుకుని బయటికి వెళ్లాడు. ఇసుక కుప్ప దగ్గర టిప్పర్ వెనక్కి వస్తోంది. వాచ్‌మన్ చూసి వాడిని ఎత్తుకోబట్టి ఈ మాట ఇప్పుడు ఇలా రాయగలుగుతున్నాను. నేను వెళ్లేసరికి ఆయమ్మ ఏడుస్తూ కూర్చుని ఉంది. “నాకుండేది రెండు చేతులే కదమ్మా” అంది. ఆమె మీద ఎవరూ కేకలు వేయలేదు, అయినా ఆమె ఆ మాటే పదే పదే అంది. ఆమె మూడో చెయ్యిని తీసేసింది నేనే, నా కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక గడి చెరిపి.

లెక్కల మనిషి లేకపోవడం వల్ల జరిగిన నష్టం అంత భయంకరంగా కనిపించదు, కానీ సంస్థను కూలదోయగలిగినది అదే. కూరగాయల చీటీలు, గుడ్ల బిల్లులు టీచరు సంచిలోనే ఉండిపోయాయి. డబ్బు దేనికి ఖర్చైందో చెబుతూ చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో ఇవ్వవలసిన వినియోగ ధ్రువపత్రం నాలుగు నెలలు ఆలస్యమైంది. అది అందేవరకు రెండో విడత ఆగింది. ఆ నాలుగు నెలల జీతాలు మా ట్రస్టీలలో ఇద్దరు చేబదుళ్లు తెచ్చి ఇచ్చారు. ఏడాది చివర కంపెనీవారు మా సంస్థకు ‘నిర్వహణ సామర్థ్యం తక్కువ’ అని రాశారు. వారు రాసింది నిజం. ఆ సామర్థ్యానికి కావలసిన జీతాన్ని బడ్జెట్‌లోంచి మేమే మా చేతులతో కొట్టేశాము కదా అని చెప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

5 శాతం అన్న మాట

ఆ అధికారి దురుద్దేశంతో చెప్పారని నేను అనుకోను. ఆ మాట చాలా చోట్ల చట్టంలాగే చెలామణీ అవుతోంది. అందుకే నిబంధనలను స్వయంగా చదవవలసిన అవసరం సంస్థవారికి ఉంది. సీఎస్‌ఆర్ నిబంధనలను 2021 జనవరిలో సవరించినప్పుడు, పరిపాలన ఖర్చు అంటే ఏమిటో అందులో నిర్వచించారు. కంపెనీ తన సీఎస్‌ఆర్ వ్యవహారాలను చూసుకోవడానికి పెట్టే సాధారణ నిర్వహణ ఖర్చు మాత్రమే అందులోకి వస్తుంది. ఒక ప్రాజెక్టు రూపకల్పనకు, అమలుకు, పర్యవేక్షణకు, మూల్యాంకనానికి నేరుగా పెట్టే ఖర్చు అందులోకి రాదు. ఏడాది మొత్తం సీఎస్‌ఆర్ వ్యయంలో 5 శాతం దాటకూడదన్న పరిమితి కంపెనీ సొంత ఖర్చుకు సంబంధించినది. మా కేంద్రంలో పిల్లవాడిని ఎత్తుకునే మనిషి జీతానికీ ఆ పరిమితికీ సంబంధమే లేదు.

విదేశీ నిధుల చట్టం ఇంతకంటే కఠినమైనది. 2020 సవరణతో ఎఫ్‌సీఆర్‌ఏ అనే ఈ చట్టం కింద వచ్చే డబ్బులో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అంత కఠినమైన చట్టం కింది నిబంధనలు సైతం, సేవా సంస్థ తన ఆశయం కోసం నేరుగా పెట్టే ఖర్చును, అంటే బడిలో ఉపాధ్యాయుల జీతాలను, ఆసుపత్రిలో వైద్యుల జీతాలను, పరిపాలన ఖర్చుగా లెక్కించవు. పసిపిల్లల కేంద్రంలో ఆయమ్మ ఉండటమే సేవ. గది, బొమ్మలు, గుడ్లు, పాలపొడి అన్నీ ఉండి ఆమె లేకపోతే అక్కడ కేంద్రం లేదు. కాబట్టి దాత ఇచ్చే ఫారంలో ‘కార్యక్రమ ఖర్చు’, ‘పరిపాలన ఖర్చు’ అని రెండు గడులు ఉన్నప్పుడు, ఆమె జీతాన్ని మొదటి గడిలో, తలవంచుకోకుండా రాయాలి.

లెక్కల మనిషి విషయంలో నాకు ఇంత స్పష్టత ఉండేది కాదు. ఆమె మా కేంద్రాలన్నిటికీ పని చేస్తుంది, ఆమె జీతం మొత్తాన్ని ఒక దాత మీద వేయడం న్యాయం కాదు. ఇప్పుడు మేము ఏ కేంద్రపు బిల్లుల మీద ఆమె ఎన్ని రోజులు కూర్చుంటుందో మూడు నెలలు రాసిపెట్టుకుని, ఆ వంతు ప్రకారం ఆమె జీతాన్ని పంచి రాస్తున్నాము. ఆ రాతపట్టికను బడ్జెట్‌కు జతచేస్తాము. దాన్ని చూశాక ఆ వరుసను కొట్టేయమన్న దాత ఇంతవరకు ఒక్కరే.

నిబంధనలు చదవడం గురించి ఇంకొక్క మాట. సీఎస్‌ఆర్ కింద ఏ పనులు చేయవచ్చో చెప్పే, కంపెనీల చట్టంలోని ఏడో షెడ్యూలులో ‘డే కేర్ సెంటర్లు’ అన్న మాట కనిపించగానే అది మాకోసమేనని మేము సంబరపడి, మొదటి ప్రతిపాదనలో ఆ అంశాన్నే ఉదహరించాము. ఆ వాక్యం చివరిదాకా చదివితే అది వృద్ధుల కోసం నడిపే కేంద్రాల గురించి చెప్పినది. పసిపిల్లల పని పోషకాహార లోపం, విద్య అన్న అంశాల కిందికి వస్తుంది. ఇలాంటి పొరపాటు ఒకటి కనబడితే చదివేవారికి మిగతా పేజీల మీద కూడా నమ్మకం సడలుతుంది.

లెక్క ముందు, కథ తరువాత

మామూలుగా మనం ప్రతిపాదనను ‘అవసరం’ అన్న పేజీతో మొదలుపెడతాము. పేదరికం, వలస, పిల్లల దుస్థితి గురించి హృదయం కరిగేలా రెండు పేజీలు రాసి, లక్ష్యాలు రాసి, చివరి రాత్రి బడ్జెట్ వేస్తాము. అప్పటికి మొత్తం ఎంత అడగాలో మనసులో ఒక అంకె స్థిరపడి ఉంటుంది, వరుసలన్నీ ఆ అంకెకు సరిపడేలా కత్తిరించుకుంటాము. ఖర్చు దాచడం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు నేను ప్రతిపాదన రాయవలసి వచ్చినప్పుడు ముందుగా ఒక రోజంతా కేంద్రంలో, నోటు పుస్తకంతో, ఆయమ్మ పక్కన కూర్చుంటాను. ఉదయం ఎనిమిదికి మొదటి బిడ్డ వస్తుంది. కాళ్లూ చేతులూ కడగడం, తొమ్మిదిన్నరకు రాగి జావ, ఆ తరువాత ఆటలు, అన్నం, నిద్ర, గుడ్డు, మళ్లీ బట్టలు మార్చడం, సాయంత్రం ఆరింటికి చివరి తల్లి వచ్చి తీసుకుపోవడం. ఎన్నిసార్లు ఒకే సమయంలో రెండు చోట్ల మనిషి కావలసి వచ్చిందో రాసుకుంటాను. ఎంతమంది సిబ్బంది కావాలన్న జవాబు ఆ పుస్తకంలో నుంచే వస్తుంది. కేంద్ర ప్రభుత్వపు క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రాల) పథకంలో 25 మంది పిల్లలకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు అన్న లెక్క ఉండేది. రెండేళ్లలోపు పిల్లలు ఎక్కువగా ఉన్న మా చోట 30 మందికి ఒక టీచరు, ఇద్దరు ఆయమ్మలు లేనిదే కుదరదని మేము ఆ పుస్తకాన్ని చూపించి చెబుతున్నాము.

బడ్జెట్‌లో ప్రతి వరుస పక్కనా ఒక వాక్యం రాస్తాము. గుడ్లకు 30,240 రూపాయలు అని ఊరుకోము. 30 మంది పిల్లలు, వారానికి మూడు, 48 వారాలు, అంటే 4,320 గుడ్లు, ఒక్కొక్కటి 7 రూపాయలు అని రాస్తాము. ఏడాదికి 52 వారాలుండగా 48 ఎందుకని ఎవరైనా అడుగుతారు. అడగాలనే మా కోరిక. సంక్రాంతికీ ఉగాదికీ కుటుంబాలు ఊళ్లకు వెళ్తాయి, ఆ వారాల్లో కేంద్రంలో నలుగురైదుగురే మిగులుతారు. ఈ ఒక్క సంగతి మా పిల్లల జీవితం గురించి రెండు పేజీల వర్ణన కంటే ఎక్కువ చెబుతుంది. ‘లబ్ధిదారుల సంఖ్య’ అన్న గడి దగ్గరా ఇదే సమస్య వస్తుంది. ఒక రోజున మా దగ్గర ఉండేది 30 మంది. కానీ మేస్త్రీ ఇంకొక పనికి పిలిస్తే కుటుంబం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతుంది, ఆ చోటికి ఇంకొక కుటుంబం వస్తుంది. ఒక ఏడాది మా హాజరు పట్టీలో 84 పేర్లున్నాయి. 84 అని రాస్తే ఒక్కో బిడ్డకు ఖర్చు తక్కువగా కనిపించి దాతకు నచ్చుతుంది. మేము రెండు అంకెలూ రాసి, తేడా ఎందుకు వచ్చిందో చెబుతాము. స్లాబు పనులు ముగిసి కూలీలు కదిలితే కేంద్రం కూడా కదలాలని, ఆ తరలింపుకు ఎంతవుతుందో కూడా ముందే రాస్తాము.

బడ్జెట్‌లలో నేను ఎక్కడా చూడని వరుస గ్రాట్యుటీ. ఏడేళ్లు పనిచేసి, మోకాళ్ల నొప్పులతో మానేసిన ఒక ఆయమ్మ చివరి జీతం నెలకు 13,000. పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట, అయిదేళ్లు నిండినవారికి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలని, 2025 నవంబరు వరకు అమలులో ఉన్న 1972 నాటి చట్టం చెప్పింది. నెలను 26 రోజులుగా లెక్కించాలి కాబట్టి ఏడాదికి 7,500, ఏడేళ్లకు 52,500. ఆ ఏడేళ్లలో నలుగురు దాతలు మారారు, ఎవరి ప్రతిపాదనలోనూ మేము ఆ వరుస అడగలేదు. ఆ డబ్బును రెండేళ్లలో, ముక్కలు ముక్కలుగా ఇచ్చాము. ఆమె ఏమీ అనలేదు. ఇప్పుడు ప్రతి జీతం కిందా నెలకు 4.81 శాతం విడిగా చూపి, విడి ఖాతాలో వేస్తున్నాము.

ఇంత లెక్క సిద్ధమయ్యాక ‘అవసరం’ అన్న పేజీ రాయడానికి ఒక్కపూట చాలుతుంది. యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్లలోపు పిల్లల కోసం గది ఉండాలని, 2025 నవంబరు వరకు అమలులో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఒక్కో మేస్త్రీ కింద ఉన్నవారిని విడివిడిగా లెక్కపెడితే ఎవరి దగ్గరా యాభైమంది కనిపించరు. మేము పనిచేసే స్థలంలో మేము లెక్కపెట్టిన సంఖ్య ఫలానా అని రాస్తే చాలు. 12ఏబీ, 80జీ అనే ఆదాయపు పన్ను నమోదులు, కంపెనీల డబ్బు తీసుకునే సంస్థలకు 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన సీఎస్‌ఆర్-1 నమోదు, ఆడిట్ అయిన లెక్కలు వంటివి ఎవరైనా జతచేయగలిగినవే. కాలవ్యవధి దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు నడిచే పనిని ‘కొనసాగే ప్రాజెక్టు’గా కంపెనీలు చేపట్టడానికి నిబంధనల్లో వీలుంది. బిడ్డ ఎదగడం మార్చి 31న ఆగదు కాబట్టి, ఏడాది పనిగా కాక కొనసాగే పనిగా తీసుకోమని మొదటి ఉత్తరంలోనే అడగాలి.

తక్కువకే చేస్తామనేవారు ఉన్నప్పుడు

ఇదంతా విని మా ట్రస్టీలలో ఒక పెద్దాయన, మా కష్టకాలంలో చేబదులు తెచ్చి ఇచ్చినవారిలో ఒకరు, “అమ్మా, నువ్వు అంతా రాస్తే డబ్బు రాదు, పక్క సంస్థవాళ్లు సగానికే చేస్తామంటారు” అన్నారు. ఆయన మాటను నేను తేలికగా కొట్టిపారేయలేను, ఎందుకంటే ఒక ఏడాది సరిగ్గా అలాగే జరిగింది. అసలు ఖర్చుతో మేము రెండు ప్రతిపాదనలు పంపాము. ఒకటి తిరిగి వచ్చింది. రెండోదానికి దాతలు ఒప్పుకున్నారు గానీ, మూడు కేంద్రాలకు బదులు రెండింటికే ఇవ్వగలమన్నారు. మూడో కేంద్రం మూసేశాము. అందులో 28 మంది పిల్లలున్నారు. మూసిన వారం తరువాత అటు వెళ్తే, వారిలో ఒక పాపను తల్లి చీర కొంగుతో కట్టి, నీడలో ఒక ఇనుప చువ్వల కట్టకు ఆనించి కూర్చోబెట్టి పనిచేసుకుంటోంది. పాత పద్ధతిలో ఖర్చు దాచి రాసి ఉంటే ఆ కేంద్రం నడిచేది. ఒక్క ఆయమ్మతో, తలుపు తోసుకుని బయటికి వెళ్లే పిల్లలతో, నడిచేది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ తప్పో నేను ఈరోజుకీ పూర్తిగా తేల్చుకోలేదు. కానీ కాపాడతామని సంతకం పెట్టి, కాపాడడానికి చాలినంత మందిని పెట్టకుండా పిల్లలను తీసుకోవడం నా వల్ల ఇక కాదు.

దాతల అనుమానానికి కారణాలున్నాయని కూడా ఒప్పుకోవాలి. పిల్లల పేరు చెప్పి కార్లు కొనుక్కున్నవారి గురించి వారు విని ఉంటారు. అయితే ఆ అనుమానానికి మనం తక్కువ అంకె చూపించి జవాబు చెబితే అది ఇంకా పెరుగుతుంది. 2009లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ సోషల్ ఇన్నొవేషన్ రివ్యూ అనే పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ఈ వలయాన్ని వివరించింది: దాతలు అసాధ్యమైనంత తక్కువ నిర్వహణ ఖర్చును ఆశిస్తారు, సంస్థలు పోటీలో నిలవడానికి అలాగే చూపిస్తాయి, ఆ చూపించిన అంకెను నమ్మి దాతలు మరుసటిసారి ఇంకా తక్కువ ఆశిస్తారు. మా 13 లక్షల బడ్జెట్ మా ఒక్కరికే నష్టం చేయలేదు. మా తరువాత అదే కంపెనీ తలుపు తట్టిన సంస్థకు ‘ఫలానావారు 13 లక్షలకే చేశారు’ అన్న జవాబు వచ్చి ఉంటుంది. తగ్గించి రాయడం పక్కవారి ఆయమ్మ జీతాన్ని కూడా కొట్టేయడమే.

అనుమానం ఉన్న దాతకు నేను ఇప్పుడు చెబుతున్నది వచ్చి పుస్తకాలు చూడమని. మూడు నెలలకొకసారి బిల్లుల ఫైలు బల్ల మీద పెడతాము. ఒక కంపెనీ నుంచి వచ్చిన యువ అధికారిణి ఫైలు పక్కన పెట్టి, మధ్యాహ్నం రెండు గంటలపాటు కేంద్రంలోనే కూర్చుంది. వెళ్లేటప్పుడు, మధ్యాహ్నం నిద్ర వేళకు ఇంకొక మనిషి కావాలేమోనని ఆమే అంది. అందరూ అలా కూర్చోరు. కూర్చునేవారికోసం వెతకడం కూడా ప్రతిపాదన పనిలో భాగమేనని అనుకుంటున్నాను.

సంస్థలో నిధుల నిల్వ ఉన్నవారు ఈ మాటలు చెప్పవచ్చు, వచ్చే నెల జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలియనివారి సంగతేమిటన్న ప్రశ్న మిగులుతుంది. చెన్నై అమ్మాయిది సరిగ్గా అదే పరిస్థితి. అందుకని ఆమెకు పాత ప్రతిపాదన పంపకుండా ఫోన్ చేసి, ముందు బడ్జెట్ చదవమన్నాను. ఆమె చదివింది. ఇద్దరు టీచర్లకు సగం జీతం, పుస్తకాలు, సాయంత్రపు చిరుతిండి, దీపాల కరెంటు. నెలకు 19,000తో 45 మంది పిల్లలు. అద్దె దగ్గర సున్నా ఉంది, ఎందుకంటే బడి వాళ్లింటి ముందు గదిలోనే నడుస్తుంది. తాళం ఎవరు తీస్తారని అడిగాను. అమ్మ, అంది. ఊడ్చేది, సుండల్ (గుగ్గిళ్లు) ఉడికించేది, ఆలస్యమైన పిల్లలను రాత్రి ఇంటి దాకా దిగబెట్టేది ఎవరని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అన్నీ అమ్మే అక్కా, కానీ అమ్మకు జీతమని ఎలా రాస్తాం?” అంది.

అమ్మకు జ్వరం వచ్చిన వారం బడి నడిచిందా అని అడిగాను. నడవలేదట. అయితే ఆ వరుస రాయి, ఆమె స్థానంలో బయటి మనిషిని పెడితే ఎంత ఇవ్వాలో అంత రాయి, కంపెనీవారికి ఆమె ఎవరో కూడా దాచకుండా చెప్పు, ఆమె తీసుకోనంటే సంస్థ తరఫు వంతుగా చూపు అన్నాను. ఇద్దరం ఫోన్‌లోనే లెక్క వేశాము. రోజుకు నాలుగు గంటలు, నెలకు 26 రోజులు. ఆమె అంకెను నెమ్మదిగా పైకి చదివి, ఒక్క క్షణం ఆగమని చెప్పి, వంటింటి వైపు తిరిగి, “అమ్మా, ఒకసారి ఇటు రా” అని పిలిచింది.